నాలుగో పీపా

దివాకర్‌కు మందు వాసన పడదు. న్యూజెర్సీలో ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసి, ప్రతి ఆఫీస్ పార్టీలోనూ నారింజ రసం గ్లాసు పట్టుకుని ఓ మూల నిలబడి, ఆ గ్లాసుతోనే రిటైరయిన మనిషి ఆయన. అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున స్నానం చేసి, పిస్కాటవేలోని తన ఇంట్లో, భోజనాల బల్ల ముందు పరీక్షకు వచ్చిన కుర్రాడిలా కూర్చున్నాడు. బల్ల మీద అయిదు చిన్న సీసాల్లో ఎర్ర వైన్ ఉంది.

సీసాలు ఇటలీ నుంచి ముందురోజే వచ్చాయి. కానీ ఆ రోజు శనివారం. శనివారం నాడు వాసన చూసినా తాగిన కిందే లెక్కేమోనని ఆయన నసిగితే, కూతురు అదితి నవ్వేసి రేపే చూద్దాంలే అంది. జనవరి తర్వాత ఆమె అలా నవ్వడం అదే మొదలు.

అదితి ఆయన చిన్న కూతురు. పెద్దది నిధి టెక్సస్‌లోని కాపెల్‌లో పురిటికి సిద్ధంగా ఉంటే, తల్లి జయంతి సాయానికి వెళ్లి అక్కడే ఉంది. అదితి అక్కలాగా కంప్యూటర్ల జోలికి పోలేదు. కాలేజీ అయ్యాక ఇటలీ చూసొస్తానని వెళ్లి, పియెమోంతె కొండల్లో ఎర్నెస్తో అనే పెద్దాయన తోటలో ద్రాక్ష కోతలకు కుదిరి, మూడు నెలలు అక్కడే ఉండిపోయింది. తిరిగొచ్చి, అలాంటి చిన్న చిన్న రైతుల దగ్గర వైన్ తెప్పించి అమ్మే ఫ్రాంక్ దగ్గర ఉద్యోగంలో చేరింది. బంధువులు "అమ్మాయి ఏం చేస్తోంది" అని అడిగితే దివాకర్ చాలాకాలం "ఇంపోర్ట్స్‌లో ఉంది" అని మాట దాటేసేవాడు. ఆమె గ్లాసు ఎత్తి ఒక్కసారి గాలి పీల్చిందంటే అది ఏ కొండ మీద పండిందో, ఆ ఏడు వానలు ఎలా పడ్డాయో చెబుతుందని ఫ్రాంక్ ఒకసారి ఆయనతో అన్నాడు. ఆ తర్వాత దివాకర్ మాట దాటెయ్యడం మానేశాడు.

ఎర్నెస్తోది తాతలనాటి పద్ధతి. ఎర్ర ద్రాక్ష రసాన్ని పులియబెట్టి, మనిషి ఎత్తుకు మించిన పాత చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి కదపకుండా ఉంచుతాడు. మందులూ మాయలూ దాదాపు వాడడు. పీపాలు అయిదే. ప్రతి వసంతంలో వాటిలో ఏవేవి ఒకటిగా కలిపి సీసాలకు ఎత్తాలి, ఏవి ఇంకో ఏడాది ఆగాలి అన్నది అక్కడ పెద్ద నిర్ణయం. ఒక్క పీపా తప్పుగా ఎంచినా అన్నీ పోయినట్టే. కడివెడు పాలు విరగడానికి చుక్క పులుపు చాలదా. ఆ నిర్ణయం ఆయన భార్య తెరెసా చేసేదట. ఆమె పోయాక, ఎర్నెస్తో ఒక్కో పీపా నుంచి ఒక్కో చిన్న సీసా నింపి అదితికి పంపడం మొదలుపెట్టాడు. అదితి చెప్పిన పీపాలే కలిపేవాడు. మారుమాట ఉండేది కాదు.

ఇంత నమ్మకం పెట్టుకున్న ముక్కు జనవరిలో వచ్చిన జ్వరంతో పోయింది. స్టవ్ మీద పాలు పొంగి, మాడి, ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్న కూతుర్ని చూసినప్పుడు దివాకర్‌కు సంగతి అర్థమైంది. కొన్ని నెలల్లో తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు డాక్టరు. లవంగం, నిమ్మ, గులాబీ నూనెలు రోజూ రెండు పూటలా వాసన చూడమన్నాడు. ఆమె చూస్తూనే ఉంది. మంచినీళ్ల వాసన చూసినట్టే ఉందంటుంది.

ఫ్రాంక్‌కు చెప్పలేదు. పాత వైన్‌ల సంగతి జ్ఞాపకం మీద నెట్టుకొచ్చింది, కొత్తవాటిని ఏదో వంక పెట్టి వాయిదా వేసింది. కానీ పీపాల సీసాలకు వాయిదా లేదు. అందుకే ఇప్పుడు, పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టని తండ్రిని బల్ల ముందు కూర్చోబెట్టింది.

మొదటి సీసాలోది కొంచెం గ్లాసులో పోసి, గుండ్రంగా తిప్పి, ఆయన ముందుకు జరిపింది.

"తాగక్కర్లేదు నాన్నా, జస్ట్ స్మెల్ చెయ్యి. ఏం గుర్తొస్తే అది చెప్పు. నీ వర్డ్స్‌లోనే చెప్పు."

"నా మాటలు నీకేం పనికొస్తాయే?"

"నేను ట్రాన్స్‌లేట్ చేసుకుంటా."

ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, ముక్కు దించాడు. పచ్చి వెలగకాయ పగలగొట్టినట్టుంది అన్నాడు. వెలగకాయ అంటే ఏమిటో అదితికి తెలియదు. వగరుగా, మూసుకుపోయినట్టు ఉంటుందని వివరించాడు. ఇంకా టైం పడుతుందన్నమాట, అనుకుంది ఆమె. రెండోదానికి ఆయన ముఖం విచ్చుకుంది. వక్కపొడి డబ్బా మూత తీసినట్టుంది, అందులో ఎండు గులాబీ రేకులు వేసినట్టుంది, ఎక్కడో దూరంగా కొత్తగా తారు పోసిన రోడ్డు ఉంది అన్నాడు. అదితి కుర్చీలోంచి లేచి నిలబడింది. గులాబీ, తారు. ఆ కొండల ద్రాక్షకు పేరు తెచ్చినవి ఆ రెండే. తండ్రి ముక్కు మీద ఆమెకు ఆ క్షణంలో గురి కుదిరింది. మూడోదానిలో నేరేడుపళ్లూ, కొత్త తోలు చెప్పులూ ఉన్నాయన్నాడు. అదీ బాగుంది.

నాలుగో గ్లాసు వచ్చింది. ఆయన ఒకసారి వాసన చూసి, తల ఎత్తి, మళ్లీ తనంతట తానే గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకున్నాడు.

ఆయన తల్లి వంటింట్లో ఒక మూల తరవాణి కుండ ఉండేది. గంజీ, బియ్యం కడిగిన నీళ్లూ పోసి పులియబెట్టే కుండ. రోజూ తీసింది తీయడమే, పోసింది పోయడమే తప్ప ఆ కుండ ఎన్నడూ ఖాళీ అయింది లేదు. పొద్దున్నే బడికి వెళ్లేముందు చద్దన్నంలో ఆ తరవాణి పోసి, ఉప్పుగల్లు వేసి, ఉల్లిపాయ చితక్కొట్టి తల్లి చేతికిచ్చేది. ఆ పులుపు ముక్కులోకి ఎక్కితే నిద్రమత్తు వదిలిపోయేది. తల్లి పోయాక ఆ కుండ ఏమైందో ఆయన అడగనే లేదు. ఆ వాసన భూమ్మీద ఇంకా ఉందని కూడా అనుకోలేదు. ఇప్పుడు, సముద్రాలకు ఇవతల, ఎవరో ఇటలీ ముసలాయన పీపాలోంచి అది లేచి వచ్చింది.

ఇదంతా ఆయన కూతురికి చెప్పాడు. చెబుతూ చెబుతూ చొక్కా కొసతో కళ్లు ఒత్తుకున్నాడు.

"అయితే బాగుందా?" అంది అదితి.

"బాగుండటమేమిటి తల్లీ. అసలైంది ఇదే."

ఆమె ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. ముక్కు పోయినా నాలుకకు పులుపూ చేదూ తెలుస్తున్నాయి. కొంచెం పులుపెక్కువ ఉన్నట్టుంది అంది. ఉండాలి మరి, అదేగా దాని ప్రాణం అన్నాడు ఆయన. అదితి గ్లాసు వంక కాక ఆయన ముఖం వంక చాలాసేపు చూసింది. ఆ వైన్ ఎలాంటిదో తెలుసుకోవడానికి ఆమెకు మిగిలిన దారి అదొక్కటే.

అయిదోది చూసేటప్పటికి దివాకర్ మనసు ఇంకా నాలుగో గ్లాసులోనే ఉంది. తలుపేసిన ఇల్లులా ఉందన్నాడు, అంతే. రెండు, మూడు, నాలుగు కలపమని ఎర్నెస్తోకు అదితి ఆ మధ్యాహ్నమే కబురు పంపింది.

ఎర్నెస్తో వెంటనే కలపడట. పౌర్ణమి దాటి చంద్రుడు తరగడం మొదలయ్యాకే పీపాలు కదుపుతాడట, అది వాళ్ల తాతగారి నియమమట. అది విని దివాకర్ ముచ్చటపడిపోయాడు. ఇండియన్ గ్రోసరీ స్టోర్ వాళ్లిచ్చిన తెలుగు కేలండర్ దగ్గరికి వెళ్లి, పున్నమికి ఇంకా వ్యవధి ఉందని వేలు పెట్టి చూపించి, మనలాంటి వాళ్లేనే వీళ్లు అన్నాడు. ఆ రోజుల్లో ఇల్లు తేలికపడింది. కూతురు అన్నం సరిగ్గా తింది. తను ఆమెకు ఒక్క పనికైనా ఆసరా అయ్యానని ఆయన లోలోపల పొంగిపోయాడు.

కాపెల్ నుంచి జయంతి రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. ఒక సాయంత్రం, దాచుకోలేక, దివాకర్ వైన్ సంగతి చెప్పేశాడు. ఆమె ముందు నోరు నొక్కుకుంది. కూతురి కోసం కదా అని ఊరుకుంది. తర్వాత, ఏం వాసనలు వచ్చాయేమిటని తనే అడిగింది. ఆయన ఉత్సాహంగా అన్నీ చెప్పి, చివరికి నాలుగోదాని దగ్గరికి వచ్చాడు.

"తరవాణా?" అంది జయంతి. "ఏవండీ, కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు ఆ కుండ మూత తీస్తే వంటింట్లో ఎలుక చచ్చిందనుకుని మూలమూలా వెతికాను నేను."

"అది నీకు. కమ్మగా ఉంటుంది."

"మీకూ, మీ అమ్మగారికీ కమ్మగా ఉంటుంది. మీ చెల్లెళ్లు కూడా ముట్టేవారు కాదు. అలాంటి వాసన వస్తే కొనుక్కునే వాళ్లు కొనుక్కుంటారటండీ?"

ఆమె వేళాకోళానికే అంది. ఆపైన, నాలుగు రోజుల కిందట పుట్టిన మనవడి ఉగ్గు సంగతిలో పడిపోయింది. దివాకర్‌కు మాత్రం ఇన్నేళ్లలో ఎన్నడూ రాని ఆలోచన ఒకటి వచ్చింది. తనకు ఇష్టమైనదీ, బాగున్నదీ ఒకటేనా?

మర్నాడు పొద్దున అదితి లేవకముందే ఫ్రిజ్‌లోంచి నాలుగో సీసా అడుగున మిగిలింది తీశాడు. గ్లాసులో పోసి, తిప్పి, చూశాడు. మళ్లీ తల్లి వంటిల్లే. ఈసారి ఆయన పట్టుబట్టి తల్లిని పక్కన పెట్టాడు. చద్దన్నాన్ని పక్కన పెట్టాడు. ఊపిరి బిగబట్టి, వదిలి, పరాయివాడిలా మళ్లీ చూశాడు. పులుపు వెనక నుంచి ముక్కును సన్నగా గుచ్చేది ఇంకొకటి ఉంది. చిన్నప్పుడు నిధి గోళ్ల రంగు తుడుచుకునేటప్పుడు గదంతా నిండే ఘాటు. అది ఆ ఆదివారం కూడా ఉంది. ఆయనకు ఇప్పుడు గుర్తొస్తోంది, ఉంది. దాన్ని ఆయనే లెక్కచేయలేదు.

అదితి కిందికి రాగానే చెప్పాడు. ఆమె ముఖంలో రంగు మారింది.

"నెయిల్ పాలిష్ రిమూవర్‌లాగానా నాన్నా? షూర్ గా?"

"అలాగే ఉంది అమ్మలూ."

అది వెనిగర్‌గా మారడానికి మొదటి మెట్టని ఆమె చెప్పింది. చెబుతూనే ఫోన్ తీసింది. పున్నమి ఎప్పుడని ఆయన్ని అడిగింది. దివాకర్ కేలండర్ వైపు చూడక్కర్లేకపోయింది. మొన్ననే.

ఎర్నెస్తో గొంతు ఫోన్‌లోంచి పెద్దగా, సంతోషంగా వినిపించింది. ఆ భాష దివాకర్‌కు ఒక్క ముక్క రాదు. కూతురు నోరు తెరవడం, తెరిచిన నోరు అలాగే ఉండిపోవడం మాత్రం చూశాడు. తర్వాత ఆమె చిన్నగా ఏదో అంది, నవ్వులాంటిది నవ్వింది, ఫోన్ పెట్టేసింది. నిన్న పొద్దునే మూడూ కలిపేశాడట. తెరెసా ఉన్నా సరిగ్గా ఇవే చెప్పేది అన్నాడట.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేస్తాడు నాన్నా? కలిపినవి మళ్లీ సెపరేట్ చేస్తాడా?"

చెడకపోవచ్చు కదా, ఒక్కోసారి అదే సర్దుకుంటుందేమో అన్నాడు దివాకర్. కావచ్చు అంది ఆమె, ఆయన కోసం.

ఆ తర్వాతి వారాలు ఇద్దరూ ఆ మాట ఎత్తకుండా గడిపారు. దివాకర్ బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్లి, ఎర్నెస్తో పేరు మీద అర్చన చేయించబోయాడు. పూజారి గోత్రం అడిగాడు. తెలియదంటే, తెలియనివాళ్లకు కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు అని, నక్షత్రం అడిగాడు. అదీ తెలియదు. ఎవరండీ, ఆఫీస్ ఫ్రెండా అన్నాడు పూజారి. కాదండీ, రైతు అన్నాడు దివాకర్. ఏ కోరిక మీద అని అడిగితే, పంట చెడకుండా అని చెప్పాడు. అంతకు మించి ఆ సన్నిధిలో చెప్పడానికి నోరు రాలేదు. హారతి కళ్లకద్దుకుంటుంటే, పులియడం మొదలుపెట్టిన దాన్ని దేవుడు మాత్రం ఎలా వెనక్కి తిప్పుతాడన్న ఆలోచన అడ్డం వచ్చింది.

మే నెల చివర్లో ఎర్నెస్తో తనే ఫోన్ చేశాడు. అదితి స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. ఈసారి ఆ గొంతు చిన్నగా ఉంది, మధ్యమధ్య ఆగుతోంది. అదితి వింటూనే తండ్రికి తెలుగులో చెబుతూ వచ్చింది. పోయిందట. మూడు పీపాల సరుకూ పోయిందట. తప్పు తనదేనంటున్నాడట. నాలుగో పీపా చెక్క పాతబడి లోపలికి గాలి పీలుస్తోందని తనే కనిపెట్టి ఉండాల్సిందట. నీకు సీసా పంపాకే అది చెడి ఉంటుందిగానీ, నువ్వు పొరబడవు అంటున్నాడట. ఇక మిగిలింది ఒకటీ, అయిదూ. వాటి సీసాలు మళ్లీ పంపుతున్నాడట. నువ్వు ఎలా చెబితే అలా, అంటున్నాడట.

దివాకర్ తన రొమ్ము మీద వేలు పెట్టుకుని చూపించాడు. నేనని చెప్పు అని సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్లీ చూపించాడు. అదితి కళ్లు మూసుకుని మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆమె చాలాసేపు మాట్లాడింది. ఆ మాటల మధ్యలో "పాపా" అన్న మాట రెండుసార్లు వినిపించింది. అంటే నాన్న, అది తనేనని దివాకర్‌కు తెలిసింది. ఆయన తెలియకుండానే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు, అవతలి మనిషి తనను చూస్తున్నట్టు. ఆమె ఆపేసింది. అవతల ఎక్కడో ఒక కుక్క మొరగడం, తలుపు కొట్టుకోవడం వినిపించాయి. తర్వాత ఆ ముసలి గొంతు నాలుగు మాటలు అంది. కోపం లేదు. కోపముంటే బాగుండునని దివాకర్‌కు అనిపించింది.

ఫోన్ ఆగిపోయింది.

"తిట్టాడా?"

"లేదు."

"మరేమన్నాడు?"

అదితి బల్ల అంచును గోటితో గీకుతూ ఉంది. "తన స్మెల్ పోయి టెన్ ఇయర్స్ అయ్యిందంట నాన్నా. ఓల్డ్ ఏజ్‌తో. తెరెసాకి మాత్రమే తెలుసంట. అందుకే నన్ను అడిగేవాడంట."

దివాకర్ బల్ల మీది ఫోన్ వంక చూశాడు. అక్కడ ఒక ముసలాయన, ఇక్కడ ఈ పిల్ల. ఒకరి ముక్కు మీద ఒకరు ఆనుకుని ఇన్నాళ్లూ నిలబడ్డారు. ఆ మధ్యలోకి తను, తన తరవాణి కుండతో.

"ఆ రెండు పీపాలూ?"

"ఎవరో డిస్టిలరీ వాళ్లు ఉన్నారంట, ఏదైనా తీసుకుంటారంట. వాళ్లకి ఇచ్చేస్తాడంట. బాగున్నాయో లేదో చెప్పే వాళ్లు ఎవరూ లేరు కదా."

"నేను చూస్తాను తల్లీ. ఈసారి జాగ్రత్తగా చూస్తాను. నాకు నచ్చిందా లేదా అన్నది చెప్పను, వచ్చిన వాసన వచ్చినట్టు చెబుతాను."

"వద్దు నాన్నా."

ఆమె మెల్లగా అంది. తర్వాత ఆమె లేచి, ఫ్రాంక్‌కు ఎర్నెస్తో చెప్పేలోపు తనే వెళ్లి చెప్పాలంది. ముఖం కడుక్కుంది. తాళాలు తీసుకోబోతే దివాకర్ వాటిని అందుకుని, నేను డ్రైవ్ చేస్తాను పద అన్నాడు. దారంతా ఆమె కిటికీ వైపే చూసింది. రోడ్డు పక్కన ఎవరో గడ్డి కోస్తున్నారు. కోసిన పచ్చిగడ్డి వాసన కారు నిండా కమ్ముకుంది. ఆయన ఆ సంగతి అనబోయి ఆగి, కిటికీ అద్దం పైకెత్తాడు.

ఫ్రాంక్ ఆఫీస్ వరసగా ఉన్న దుకాణాల మధ్య ఒక అద్దాల గది. నువ్వు ఇక్కడే ఉండు అని అదితి దిగి లోపలికి వెళ్లింది. దివాకర్ కారు ఆ అద్దాలకు ఎదురుగానే ఆగి ఉంది. లోపల ఫ్రాంక్ ఆమెను చూడగానే లేచాడు. నవ్వుతూ, అప్పుడే తెరిచిన సీసాలోంచి గ్లాసులో ఎర్రటి వైన్ పోసి, ఇది చూడు అన్నట్టు ఆమె చేతికిచ్చాడు. ఆమె అలవాటు కొద్దీ అందుకుంది. అలవాటు కొద్దీ తిప్పింది. ముక్కు దాకా ఎత్తింది. ఫ్రాంక్ చేతులు కట్టుకుని ఆమె మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

అదితి గ్లాసు బల్ల మీద పెట్టేసింది. పెదవులు కదులుతున్నాయి. ఫ్రాంక్ ముఖం మీది నవ్వు వెంటనే పోలేదు. అతనికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత అతను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఆమె నిలబడే ఉంది.

దివాకర్ తలుపు తీశాడు. ఒక కాలు కింద పెట్టాడు. వెళ్లి ఏం చెప్పాలో ఇంగ్లీషులో కూర్చుకోబోయాడు. అమ్మాయి తప్పు లేదనా? ఉంది. తన ముక్కు మంచిదేననా? మంచిదే, ఇప్పటికీ అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. తారు, పెట్రోలు, పక్క దుకాణంలో కాలుతున్న రొట్టె. ఒక్కటీ ఆమెకు ఇవ్వడానికి వీల్లేదు.

లోపల ఫ్రాంక్ తల వంచుకుని ఏదో అడుగుతున్నాడు. ఆమె జవాబు చెబుతోంది. దివాకర్ ఒక కాలు కారులో, ఒక కాలు బయట ఉంచి, అలాగే కూర్చుని అద్దంలోంచి చూస్తూ ఉన్నాడు.